అక్కకు రంగులు... తమ్ముడికి వేగం!

కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ గురించి నాలుగు రోజులు ఆరా తీస్తారు. ర్యామ్ ఎంత ఉండాలో, గ్రాఫిక్స్ కార్డు ఏదైతే మంచిదో పదిమందిని అడుగుతారు. తీరా మానిటర్ దగ్గరికి వచ్చేసరికి 'ఏదో ఒకటి ఇచ్చేయండి' అంటారు. డబ్బాలో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా కంటికి కనిపించేది మాత్రం ఆ తెరే. మరి అదే తెర మీద ఒకరు బొమ్మలు గీయాలి, ఇంకొకరు ఆటలాడాలి అంటే... ఏం చూసి కొనాలి?

ఓ మధ్యతరగతి ఇంటిని ఊహించుకోండి. అక్క ఇంటి నుంచే డిజైనింగ్ చేస్తుంది. పెళ్లి శుభలేఖలు, దుకాణాల కరపత్రాలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు... ఏ పని వచ్చినా కాదనదు. తమ్ముడు ఇంజినీరింగ్ రెండో ఏడాది. రాత్రి భోజనాలయ్యాక స్నేహితులతో కలిసి కౌంటర్ స్ట్రైక్ ఆడకపోతే నిద్రపట్టదు. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్. పదేళ్లనాటి మానిటర్ మొన్న మొరాయించింది. కొత్తది కొనిస్తానన్నారు నాన్న. కానీ ఒక్కటే!

''అక్కా, 240 హెర్ట్జ్‌ది తీసుకుందామే. ఆట అదిరిపోతుంది'' అన్నాడు తమ్ముడు.

''నీ హెర్ట్జులు ఎవరిక్కావాలిరా! కుంకుమ రంగనుకుని శుభలేఖకి పెడితే ఇటుక రంగులో అచ్చయ్యి వచ్చింది. ఐదొందల కార్డులు మళ్లీ వేయించి ఇచ్చాను. ఆ నెల సంపాదన అంతా దానికే పోయింది. నాకు ముందు రంగు సరిగ్గా కనపడాలి'' అంది అక్క.

''రెండూ ఒకదాంట్లోనే రావా అమ్మా?'' అన్నారు నాన్న, జేబు తడుముకుంటూ.

వస్తాయి. ఒకప్పుడైతే కష్టమే కానీ ఇప్పుడు వస్తాయి. కాకపోతే డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన అంకెల్ని కాకుండా, చిన్న అక్షరాల్లో ఉన్నవాటిని చూడటం తెలియాలి.

అసలు పేచీ ఎక్కడ మొదలైంది?

లావుపాటి గాజు మానిటర్లు గుర్తున్నాయా? టేబుల్ సగం ఆక్రమించేవి. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఆ సీఆర్‌టీల కాలంలో ఈ గొడవే లేదు. రంగులు బాగుండేవి, బొమ్మ కదలికా చురుగ్గా ఉండేది. బరువు, కరెంటు ఖర్చు భరించలేక జనం పల్చటి ఎల్‌సీడీలకు మారారు. చిక్కు అక్కడే వచ్చింది.

ఎల్‌సీడీ అంటే ద్రవ స్ఫటికాల తెర. 1888లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త క్యారెట్ల నుంచి తీసిన ఓ పదార్థాన్ని వేడిచేస్తూ ఈ వింత స్థితిని గమనించాడు. పూర్తిగా ఘనమూ కాదు, ద్రవమూ కాదు. ఎల్‌సీడీ తెరలో వెనకాల ఎప్పుడూ దీపం వెలుగుతూనే ఉంటుంది. దాని ముందు ఈ స్ఫటికాలు కిటికీ రెక్కల్లా పనిచేస్తాయి. విద్యుత్తు అందినదాన్ని బట్టి తిరిగి, వెలుగును ఎంత వదలాలో అంతే వదులుతాయి. ముందున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల నుంచి ఆ వెలుగు వచ్చి బొమ్మగా కనిపిస్తుంది.

కిటికీ రెక్క తిరగడానికి కొంత సమయం పడుతుంది కదా! అదే ఆటగాడి సమస్య. రెక్క వాలును బట్టి పక్కనుంచి చూసేవారికి రంగు మారిపోతుంది. అది డిజైనర్ సమస్య. ఒకటి సరిచేస్తే రెండోది పాడయ్యేది. అందుకే చాలా ఏళ్లపాటు ఆటలకో మానిటర్, బొమ్మలకో మానిటర్ అన్నట్టు సాగింది.

నాలుగు రకాల తెరలు

మానిటర్ ఏ కంపెనీది అన్నదానికన్నా లోపలి ప్యానెల్ ఏ రకం అన్నది ముఖ్యం.

టీఎన్: పాత రకం, చవక. స్ఫటికాలు చకచకా తిరుగుతాయి కాబట్టి ఒకప్పుడు ఆటగాళ్లకు ఇదే ప్రాణం. కానీ కుర్చీలో కాస్త కిందికి జారి కూర్చుంటే చాలు, తెర పైభాగం నల్లబడినట్టు కనిపిస్తుంది. వీటిలో చాలావరకు ఒక్కో మూల రంగుకు 64 ఛాయలే సొంతంగా చూపగలవు. అక్క పనికి అస్సలు పనికిరాదు.

వీఏ: నలుపు చక్కగా నల్లగా కనిపిస్తుంది. మామూలు ఐపీఎస్‌లో వెలుగు, చీకటి తేడా వెయ్యికి ఒకటిగా ఉంటే, ఇందులో మూడు వేలకు ఒకటి దాకా ఉంటుంది. సినిమాలకు బాగుంటుంది. అయితే చీకటి సన్నివేశాల్లో కదిలే బొమ్మ వెనక మసి పూసినట్టు చారలు పడటం వీటిలో తరచూ కనిపించే లోపం.

ఐపీఎస్: 1996లో హిటాచీ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. ఏ వైపు నుంచి చూసినా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది. మొదట్లో నెమ్మది. ధర కూడా ఎక్కువే. డిజైనర్లు మాత్రమే కొనేవారు. తర్వాత తర్వాత వేగం పుంజుకుంది. 2019లో ఎల్‌జీ సంస్థ ఒక మిల్లీసెకను ఐపీఎస్ అంటూ గేమింగ్ మానిటర్లు తెచ్చింది. పేచీకి అక్కడే సగం పరిష్కారం దొరికింది. 'ఆటలకు టీఎన్, బొమ్మలకు ఐపీఎస్' అని ఇప్పటికీ ఎవరైనా చెబితే అది పాత మాటే.

ఓఎల్‌ఈడీ: ఇందులో వెనక దీపమే ఉండదు. ఒక్కో చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతుంది. నలుపు అంటే నిజంగా నలుపే. వేగంలో దీనికి సాటి లేదు. మరి ఇదే కొనేయొచ్చుగా అంటారా? ఆగండి, దానికీ ఓ మెలిక ఉంది. అది తర్వాత.

తమ్ముడి లెక్క

రిఫ్రెష్ రేట్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపగలదో చెప్పే లెక్క. మామూలు మానిటర్ 60 హెర్ట్జ్. అంటే దాదాపు 16.7 మిల్లీసెకన్లకో బొమ్మ. 144 హెర్ట్జ్ అయితే 7 మిల్లీసెకన్లకో బొమ్మ. 240 హెర్ట్జ్ అయితే 4.2.

ఇప్పుడు తేడాలు చూడండి. 60 నుంచి 144కి వెళితే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. మౌస్ కదిపితేనే తేడా తెలిసిపోతుంది. 144 నుంచి 240కి వెళితే కలిసొచ్చేది మూడు కన్నా తక్కువే! పోటీల్లో ఆడేవారికి అది విలువైనదే కావచ్చు. ఇంట్లో సరదాగా ఆడే కుర్రాడికి 144 దాటాక పెట్టే ప్రతి రూపాయికీ దక్కే సుఖం తగ్గుతూ వస్తుంది. ఆ డబ్బు రంగుల మీద పెడితే అక్కకీ న్యాయం జరుగుతుంది.

పైగా 240 హెర్ట్జ్ మానిటర్ కొన్నంత మాత్రాన ఆట అంత వేగంగా నడవదు. అన్ని బొమ్మలు తయారుచేసే సత్తా గ్రాఫిక్స్ కార్డుకి ఉండాలి. కార్డు సెకనుకు 90 బొమ్మలే ఇస్తుంటే మిగతావన్నీ ఉత్త అంకెలే.

కార్డు వేగం, తెర వేగం కలవకపోతే బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనిపిస్తుంది. ఆ ఇబ్బంది లేకుండా తెర తన వేగాన్ని కార్డుకి తగ్గట్టు మార్చుకునే ఏర్పాటును ఎన్విడియా 2013లో జీ సింక్ పేరుతో ప్రకటించింది. ఏఎండీ వారిది ఫ్రీ సింక్. 2019 నుంచి ఎన్విడియా కార్డులు కూడా ఫ్రీ సింక్ తరహా మానిటర్లు చాలావాటితో పనిచేస్తున్నాయి. కాబట్టి ఈ రెండిట్లో ఏదో ఒక పేరు ఉందో లేదో చూసుకుంటే చాలు.

అక్క లెక్క

రంగుల విషయంలో జనం రెండు వేర్వేరు సంగతుల్ని ఒకటే అనుకుంటారు. ఒకటి, తెర ఎన్ని రంగులు చూపగలదు. రెండోది, చూపే రంగు ఎంత నిజం. పెట్టెలో వంద రంగు పెన్సిళ్లు ఉండటం వేరు. ఏ పెన్సిల్ మీద ఏ పేరు రాసి ఉందో ఆ రంగే పడటం వేరు.

ఎన్ని రంగులు అన్నదానికి ప్రమాణం ఎస్‌ఆర్‌జీబీ. 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి రూపొందించాయి. ఇంటర్నెట్‌లో, ఫోన్లలో కనిపించే బొమ్మల్లో ఎక్కువ భాగం దీని పరిధిలోవే. ఇది దాదాపు నూరు శాతం ఉండటం కనీస అవసరం. దానికన్నా విస్తృతమైనవి అచ్చు పనికి అడోబ్ ఆర్‌జీబీ, సినిమా పనికి డీసీఐ పీ3. వీడియో ఎడిటింగ్ చేసేవారు పీ3 ఎంత శాతం ఉందో అడగాలి.

ఎంత నిజం అన్నదానికి కొలత 'డెల్టా ఈ'. ఉండాల్సిన రంగుకీ, తెర చూపే రంగుకీ మధ్య దూరం ఇది. అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. 2 కన్నా తక్కువ ఉంటే తేడా పట్టుకోవడం మామూలు కంటికి కష్టం. కొన్ని కంపెనీలు ఒక్కో మానిటర్‌నూ ఫ్యాక్టరీలో పరీక్షించి, ఆ కాగితాన్ని డబ్బాలోనే పెడతాయి. అది ఉంటే మంచి గుర్తే.

ఇక్కడే ఓ వల ఉంది. 'మా మానిటర్ 130 శాతం ఎస్‌ఆర్‌జీబీ' అని గొప్పగా రాస్తారు. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ మామూలు ఫొటోని అలాంటి తెర అదుపు లేకుండా చూపిస్తే పసుపు నిమ్మపండులా మెరుస్తుంది, పెళ్లికూతురి మొహం ఎర్రగా కందిపోయినట్టు కనిపిస్తుంది. ఆట బాగుంటుంది. డిజైన్ మాత్రం గోవిందా! అందుకే తెర మెనూలో 'ఎస్‌ఆర్‌జీబీ మోడ్' ఉండి తీరాలి. అది నొక్కితే రంగులు హద్దుల్లోకి వస్తాయి. కొన్ని మానిటర్లలో ఈ మోడ్ పెట్టగానే వెలుగు తగ్గించుకునే వీలు పోతుంది. కొనేముందు అదీ నొక్కి చూడాలి.

మరి కుంకుమ ఇటుకైందెందుకు?

అక్కకి జరిగిన నష్టంలో తప్పంతా పాత మానిటర్‌దే అనుకుంటే పొరపాటు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి. ప్రెస్సులో కాగితం మీద పడేది సిరా. లేత నీలం, గులాబి, పసుపు, నలుపు. వెలుగుతో వచ్చే మెరిసే ఎరుపు, చిలకాకుపచ్చ, నెమలికంఠం నీలం చాలాసార్లు సిరాతో రావు. పైగా తెర వెలుగు పూర్తిగా పెంచి పనిచేస్తే డిజైన్ కాంతిమంతంగా కనిపిస్తుంది, కాగితం మీద చప్పబడిపోతుంది.

అందుకే మంచి మానిటర్‌తోపాటు మూడు అలవాట్లు కావాలి. అచ్చు పనికి తెర వెలుగు తగ్గించుకోవాలి, 100 నుంచి 120 నిట్ల మధ్య ఉంటే చాలు. పక్కన ఓ తెల్ల కాగితం పెట్టుకుని, తెర మీది తెలుపు దానికన్నా దీపంలా వెలిగిపోతోందంటే ఎక్కువ ఉన్నట్టే. రెండోది, సాఫ్ట్‌వేర్‌లో ప్రెస్సు రంగుల పద్ధతికి మార్చి ఒకసారి చూసుకోవాలి. మూడోది, ఎంత తొందరున్నా ఒక్క ప్రూఫ్ తీయించాకే మిగతావి వేయించాలి. ఐదొందల కార్డుల నష్టం కన్నా ఒక్క ప్రూఫ్ ఖర్చు ఎంత?

రోజూ రంగులతోనే బతుకు నడిచేవారికి తెర మీద ఉంచి రంగు కొలిచే చిన్న పరికరాలు దొరుకుతాయి. వాటి పేరు కలరీమీటర్. వయసు మీద పడేకొద్దీ తెర రంగు మారుతుంటుంది కాబట్టి అప్పుడప్పుడూ సరిచేసుకోవాలి. నలుగురు డిజైనర్లు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

వత్తులు కనపడాలంటే...

పెద్ద తెర కొంటే గొప్ప అనుకుంటారు. తెర పెరిగి చుక్కలు పెరగకపోతే బొమ్మ చెదురుతుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి 92 చుక్కలు ఉంటాయి. అదే ఫుల్ హెచ్‌డీ 27 అంగుళాల్లో అయితే 82కి పడిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలకు ఫరవాలేదేమో కానీ తెలుగుకి ఇది కష్టమే. చిన్న సైజులో 'క్ష్మి' అని రాస్తే కింది వత్తు, పైనున్న గుడి అలుక్కుపోయి కనిపిస్తాయి. అక్షరదోషం ప్రెస్సుకి వెళ్లాక గానీ తెలియదు.

అదే 27 అంగుళాల్లో క్యూహెచ్‌డీ, అంటే 2560 చుక్కల వెడల్పు, 1440 ఎత్తు ఉన్న తెరలో అంగుళానికి 109 వస్తాయి. 4కేలో అయితే 163. మరి 4కేనే కొంటే పోలా? అక్కకి ఆనందమే. కానీ ఫుల్ హెచ్‌డీలో 20.7 లక్షల చుక్కలుంటే 4కేలో 82.9 లక్షలు. గ్రాఫిక్స్ కార్డు ఒక్కో బొమ్మకీ నాలుగింతల చుక్కలు నింపాలి. మధ్యరకం కార్డు అయితే తమ్ముడి ఆట నత్తనడక నడుస్తుంది. క్యూహెచ్‌డీలో 36.9 లక్షలే. అందుకే ఇద్దరికీ కుదిరే మధ్యేమార్గం ఇదే.

డబ్బా మీది గొప్పలు

'ఒక మిల్లీసెకను': ఏ పద్ధతిలో కొలిచారన్నదే ప్రశ్న. సాధారణంగా అది ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగుని ఆఖరుదాకా పెంచితే వచ్చే అంకె. అప్పుడు కదిలే బొమ్మ చుట్టూ తెల్లటి నీడలు పడతాయి. మధ్యస్థంగా పెట్టుకుంటేనే ఆట హాయిగా ఉంటుంది.

'హెచ్‌డీఆర్ 400': వెలుగు 400 నిట్లకు చేరుతుందన్న ధ్రువీకరణ ఇది. తెరలో చీకటి ఉన్నచోట మాత్రమే వెనక దీపం తగ్గించే ఏర్పాటు దీనికి తప్పనిసరి కాదు. అది లేనిదే అసలైన హెచ్‌డీఆర్ అందం రాదు. ఈ ఒక్క ముద్ర కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

'కోటికి ఒకటి కాంట్రాస్ట్': 'డైనమిక్' అన్న మాట ముందుంటే పక్కన పెట్టేయొచ్చు. పనికొచ్చేది 'స్టాటిక్' అంకె.

'1.67 కోట్ల రంగులు': 8 బిట్ల తెర అని అర్థం. నిజంగా 8 బిట్లా, 6 బిట్ల తెరతో కనికట్టు చేస్తున్నారా అన్నది అడగాలి. కనికట్టు అయితే ఆకాశం బొమ్మలో నీలం నునుపుగా దిగకుండా మెట్లుమెట్లుగా కనిపించే వీలుంది.

ఓఎల్‌ఈడీ మెలిక

డబ్బుంటే ఓఎల్‌ఈడీ కొనాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆటకు దాన్ని మించింది లేదు. రంగులూ అద్భుతం. అయితే ఒకే బొమ్మ గంటల తరబడి ఒకేచోట ఉంటే ఆ చుక్కలు ఎక్కువ అరిగి, మచ్చలా నిలిచిపోయే ప్రమాదం ఉంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పనిముట్ల వరస రోజంతా ఎడమ పక్కనే ఉంటుంది కదా! ఆటలో కూడా ఓ మూల మ్యాపు కదలదు. ఇప్పటి మానిటర్లలో దీన్ని తగ్గించే ఏర్పాట్లు ఉన్నాయి. కొన్ని కంపెనీలు ఈ మచ్చలకీ వారంటీ ఇస్తున్నాయి. ఆ వారంటీ కాగితం చదివాకే డబ్బు కట్టాలి. రోజుకు ఎనిమిది గంటలు డిజైన్, గంట ఆట అనుకునే ఇంటికి ఐపీఎస్సే నిశ్చింత.

దుకాణంలో ఏం చేయాలి?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లినా, ఊళ్లోని దుకాణానికి వెళ్లినా చేయి ఊపుకుంటూ వెళ్లొద్దు. ఓ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లాలి. అందులో నాలుగు బొమ్మలు చాలు. దగ్గరివాళ్ల మొహం స్పష్టంగా ఉన్న ఫొటో ఒకటి, ఇంట్లో ఉన్న పట్టుచీర ఫొటో ఒకటి, తెలుపు నుంచి నలుపుదాకా మెల్లగా మారే పట్టీ ఒకటి, మొత్తం నల్లటి బొమ్మ ఒకటి. కుదిరితే ఆ చీర కొంగు కూడా సంచిలో వేసుకెళ్లండి. పక్కన పెట్టి చూస్తే ఏ తెర అబద్ధమాడుతోందో తెలిసిపోతుంది.

దుకాణంలో మానిటర్లకు వెలుగు, రంగు ఆఖరుదాకా పెంచి ఉంచుతారు. మొదట వాటిని మామూలు స్థితికి తెమ్మని అడగాలి. నల్లబొమ్మ పెట్టినప్పుడు మూలల్లో తెల్లటి వెలుగు కారుతోందా, ఎక్కడైనా చుక్క వెలుగుతూ ఉండిపోయిందా చూడాలి. ఎన్ని చెడిపోయిన చుక్కలుంటే మార్చి ఇస్తారన్నది కంపెనీని బట్టి మారుతుంది. ముందే అడగడం మేలు. స్టాండు ఎత్తు తగ్గించుకునే వీలుందా అన్నది కూడా చూడాలి. అక్క, తమ్ముడు ఒకే ఎత్తు ఉండరు, మెడనొప్పి ఇద్దరికీ ఒకటే!

ధరల సంగతికొస్తే 24 అంగుళాల వేగవంతమైన ఐపీఎస్‌లు పది వేల రూపాయల చుట్టూ మొదలవుతాయి. 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఐపీఎస్‌లు సుమారు ఇరవై వేల దగ్గర. ఓఎల్‌ఈడీలకు అంతకు రెట్టింపు పైమాటే. బ్రాండు, ఆఫర్లను బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి. 32 అంగుళాలు దాటినవాటి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది.

ఇంటికొచ్చాక ఇవి మరవొద్దు

* 144 హెర్ట్జ్ మానిటర్ తగిలించినా విండోస్ చాలాసార్లు 60లోనే ఉండిపోతుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి మార్చుకోవాలి. కొని ఏడాదైనా ఈ సంగతి తెలియనివారున్నారు!

* పాత హెచ్‌డీఎంఐ వైరు అంత వేగాన్ని మోయలేకపోవచ్చు. కార్డుకి డిస్‌ప్లే పోర్ట్ ఉంటే దాన్నే వాడటం మంచిది.

* మానిటర్ వైరుని మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి.

* డిజైన్ చేసేటప్పుడు రాత్రి పసుపు వెలుగునిచ్చే 'నైట్ లైట్' ఆపేయాలి. లేకపోతే ప్రతి రంగూ మోసమే.

* తెరకి ఎదురుగా కిటికీ ఉండకూడదు.

* ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలోని వస్తువుని ఇరవై సెకన్లపాటు చూడాలి. ఎంత మంచి తెరైనా కళ్లకు విశ్రాంతి కావాల్సిందే.

ఆ ఇంట్లో ఏమైంది?

ఈ లెక్కలన్నీ వేసుకుంటే ఆ ఇంటికి సరిపోయేది 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఐపీఎస్ మానిటర్. 144 హెర్ట్జ్ లేదా ఆపైన. నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ, డెల్టా ఈ రెండులోపు, మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్. తమ్ముడు 240 వదులుకున్నాడు, అక్క 4కే వదులుకుంది. నాన్న అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే పెట్టారు కానీ రెండు మానిటర్ల ఖర్చు తప్పింది. పగలు అక్క మోడ్, రాత్రి తమ్ముడి మోడ్. మధ్యలో ఒక్క బటన్.

ఇక ఆదివారం మధ్యాహ్నం ఆ తెర ఎవరిదంటారా? ఆ గొడవ తీర్చే మానిటర్‌ని మాత్రం ఏ కంపెనీ ఇంకా తయారుచేయలేదు!